బంగారమా, వెండా, అల్యూమినియమా: అర్ధవాహకాల వెలుగును పెంచే లోహాన్ని ఎలా ఎంచుకోవాలి?

"మాస్టారూ, ప్రాజెక్టుకి బంగారు నానోకణాలు తీసుకోమంటారా, వెండివా?" విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. అర్ధవాహకం పక్కన లోహ నానోకణాలను ఉంచి దాని కాంతిని పెంచడం మంచి అంశమే. బీకరుతో మొదలుపెట్టవచ్చు, రంగు మారడం కళ్లెదుటే కనిపిస్తుంది, చదివే కొద్దీ లోతు తెలుస్తుంది. అయితే ఆ ప్రశ్నను లోహంతో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ముందు తేల్చుకోవాల్సినవి రెండు: మీ అర్ధవాహకం ఏ రంగు వెలుగునిస్తుంది? తీసుకున్న శక్తిలో ఎంత భాగాన్ని ఇప్పటికే వెలుగుగా మారుస్తోంది? ఈ రెండూ తెలిస్తే లోహం ఎంపిక సగం పూర్తయినట్టే.

ఎందుకో చెప్పాలంటే అసలు లోహం చేసే పని ఏమిటో చూడాలి. అర్ధవాహకంలో ఉత్తేజితమైన ఎలక్ట్రాన్ తిరిగి హోల్‌తో (తాను వదిలి వచ్చిన ఖాళీతో) కలిసినప్పుడు ఫోటాన్ వెలువడుతుంది. అది ఎంత త్వరగా వెలువడుతుందనేది ఆ పదార్థం ఒక్కదాని మీదే ఆధారపడదు, చుట్టూ ఉన్న పరిసరం మీద కూడా ఆధారపడుతుంది. ఈ మాటను 1946లో ఎడ్వర్డ్ పర్సెల్ చెప్పారు. లోహ నానోకణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతికి తగినట్టు ఒక్కుమ్మడిగా ఊగుతాయి. ఆ ఊపునే ఉపరితల ప్లాస్మాన్ అంటున్నాం. ఉద్గారకం, అంటే వెలుగునిచ్చే పదార్థం, ఆ ఊపుకు దగ్గరగా ఉంటే తన శక్తిని దానికి అప్పగిస్తుంది, కణం దాన్ని బయటికి వెదజల్లుతుంది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానును తొలిచి వీణ చేస్తారు. తీగను ఊరికే రెండు మేకుల మధ్య బిగించి మీటితే పక్కనున్నవారికి కూడా సరిగా వినపడదు. అదే తీగను వీణకు బిగిస్తే గది నిండుతుంది, ఎందుకంటే తీగలోని శక్తిని గాలిలోకి చేర్చేది కుండ. కుండ చేసేవారు పచ్చి చెక్క వాడితే ఆ శక్తిని చెక్కే తినేస్తుంది. లోహ నానోకణం విషయంలోనూ ఈ రెండూ జరుగుతాయి: కొంత శక్తిని వెలుగుగా బయటికి పంపుతుంది, కొంత తానే వేడిగా మార్చుకుంటుంది. మొదటిదాన్ని పెంచి రెండోదాన్ని తగ్గించడం తప్ప ఈ ఎంపికలో ఇంకేమీ లేదు.

ఇక రెండో ప్రశ్న. ఉత్తేజితమైన ప్రతి వంద ఎలక్ట్రాన్-హోల్ జతల్లో ఎన్ని ఫోటాన్లుగా బయటికొస్తాయో దాన్ని క్వాంటం ఈల్డ్ అంటారు. మీ పదార్థానిది 5 శాతం అనుకోండి. లోహం దాని ఉద్గార వేగాన్ని పది రెట్లు పెంచింది, తానుగా నష్టమేమీ చేయలేదు. లెక్క వేస్తే ఈల్డ్ దాదాపు 34 శాతానికి చేరుతుంది, అంటే వెలుగు సుమారు ఏడు రెట్లు. ఇప్పుడు అదే లోహాన్ని 90 శాతం ఈల్డ్ ఉన్న పదార్థం పక్కన పెట్టండి. 99 శాతం దాకా వెళ్లి ఆగుతుంది, అంటే పది శాతం లాభం. నిజమైన లోహం కొంత మింగుతుంది కాబట్టి ఆ పదీ మిగలకపోవచ్చు. అందుకే బాగా తయారైన సీజియం లెడ్ బ్రోమైడ్ పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాలు, మంచి పెంకు ఉన్న క్వాంటం డాట్లు తీసుకుని "వెలుగు పెరగలేదు" అని బాధపడటంలో అర్థం లేదు. అవి ఇప్పటికే పెరగాల్సినంత పెరిగినవి. ఒంటిపొర మాలిబ్డినం డైసల్ఫైడ్, గది ఉష్ణోగ్రత దగ్గర జింక్ ఆక్సైడ్ అతినీలలోహిత ఉద్గారం, లోపాలున్న ఇండియం గాలియం నైట్రైడ్ పొరలు వంటి బలహీన వెలుగుల దగ్గరే లోహం తన సత్తా చూపుతుంది.

మినహాయింపు ఒకటుంది. మీకు వెలుగు ఎక్కువ కావడం కాక, త్వరగా రావడం కావాలంటే ఈల్డ్ ఎక్కువున్న పదార్థం కూడా పనికొస్తుంది. ఒక్కో ఫోటాన్‌ను వేగంగా వదిలే మూలాలు, అతివేగంగా వెలిగి ఆరే ఎల్‌ఈడీలు కావాలనుకునేవారు కోరేది అదే.

ఏ లోహం?

ప్రతి లోహానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు కన్నా ఎక్కువ శక్తి ఉన్న కాంతి తగిలితే లోహంలోని లోపలి ఎలక్ట్రాన్లు ఒక శక్తి పట్టీ (బ్యాండ్) నుంచి మరోదానికి దూకి శక్తిని మింగేస్తాయి. బంగారానికి ఈ హద్దు సుమారు 2.4 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అంటే ఆకుపచ్చ దగ్గరే మొదలవుతుంది. నీలం, ఊదా వెలుగులకు బంగారం ఆటంకమే. వెండికి హద్దు సుమారు 3.8 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి దృశ్య కాంతి అంతటా అది శుభ్రంగా పనిచేస్తుంది. అల్యూమినియం తీరు వేరు: దాని శోషణ పట్టీ 1.5 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ, ఇంచుమించు 800 నానోమీటర్ల దగ్గర ఉంది, అక్కడే నష్టం ఎక్కువ. అతినీలలోహితంలో మాత్రం దానికి పోటీ తక్కువ.

ఈ తేడాను చక్కగా చూపిన ప్రయోగం ఒకామోటో బృందానిది, 2004లో వచ్చింది. నీలి వెలుగునిచ్చే ఇండియం గాలియం నైట్రైడ్ క్వాంటం బావుల మీద 10 నానోమీటర్ల గాలియం నైట్రైడ్ పొర ఉంచి, దానిపై లోహపు పొరలు వేశారు. వెండితో వెలుగు 14 రెట్లయింది, అల్యూమినియంతో 8 రెట్లు. బంగారంతో పెరగనేలేదు. బంగారం గొప్ప లోహం కాబట్టి అన్నిటికీ అదే మేలనుకునే పిల్లలకు నేను మొదట చూపించేది ఈ మూడు ఫలితాలే.

మరి వెండే వాడేద్దామా? ఇక్కడ మన ఊళ్ల గాలి అడ్డు వస్తుంది. గాలిలోని గంధక వాయువులతో కలిసి వెండి సల్ఫైడుగా మారుతుంది, తేమ ఆ పనిని తొందర చేస్తుంది. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడటం అందరూ చూసినదే. పట్టీకి అది పైపై మసక మాత్రమే, తోమితే పోతుంది. 40 నానోమీటర్ల కణానికి మాత్రం రెండు మూడు నానోమీటర్ల మసక కూడా పెద్ద వాటా: అనునాదం (కణంలోని ఊపు అన్నిటికన్నా బలంగా ఉండే రంగు) పొడవు తరంగాల వైపు జరిగి, బలహీనపడుతుంది. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల గాలిలో ఉప్పు కూడా ఉంటుంది, క్లోరైడు వెండికి ఎప్పుడూ పడదు. విశ్వవిద్యాలయం ఉన్న ఎచ్చెర్ల కూడా సముద్రానికి దూరమేమీ కాదు. కాబట్టి వెండి ఎంచుకునేవారికి నా షరతు ఒకటే: తయారుచేసిన రోజే సిలికాతోనో అల్యూమినాతోనో కప్పాలి, కప్పేదాకా డెసికేటర్‌లో (తేమ చేరని గాజు పాత్రలో) ఉంచాలి, కొలతను వాయిదా వేయకూడదు. వర్షాకాలంలో ఈ క్రమశిక్షణ పాటించలేమనుకుంటే వెండి జోలికి వెళ్లకండి.

బంగారానికి ఈ బెడద లేదు. ఖరీదని భయపడతారు గానీ లెక్క చూడండి. మరిగే గోల్డ్ క్లోరైడ్‌లో సిట్రేట్ పోసి కణాలు చేసే సిట్రేట్ పద్ధతిలో 0.01 శాతం గోల్డ్ క్లోరైడ్ ద్రావణం వాడతాం. 50 మిల్లీలీటర్లకు 5 మిల్లీగ్రాములు చాలు. ఒక్క గ్రాము సీసా పది లీటర్ల ద్రావణానికి సరిపోతుంది, ప్రాజెక్టు అయ్యాక కూడా మిగులుతుంది. అయితే ఆ పసుపు స్ఫటికాలు తేమను లాగేసుకుని ముద్ద అవుతాయి. సీసా మాటిమాటికీ తెరవకుండా ఒకేసారి గాఢమైన ద్రావణం చేసి, ముదురు గోధుమరంగు గాజు సీసాలో దాచుకోవాలి. స్టీలు గరిటె ముంచకూడదు, బంగారం ఆ గరిటె మీదే పేరుకుంటుంది. ప్లాస్టిక్‌దో గాజుదో వాడాలి.

అల్యూమినియం గాలి తగిలిన వెంటనే రెండు నుంచి నాలుగు నానోమీటర్ల ఆక్సైడు పొరను తనపై తానే కప్పుకుంటుంది, అక్కడితో ఆగుతుంది. క్లోరైడు ఆ పొరకు చిల్లులు పెడుతుంది గనుక తీరప్రాంతంలో దీన్నీ పొడి డబ్బాలోనే ఉంచాలి. అయినా వెండితో పోలిస్తే ఓర్పు ఎక్కువ. నీటి బీకరులో కణాలు చేయడానికి మాత్రం లొంగదు, శూన్య పూత యంత్రం కావాలి. చాలా భౌతికశాస్త్ర విభాగాల్లో ఆ యంత్రం ఉంటుంది, దానితో అన్నిటికన్నా ఎక్కువగా పూసేదీ అల్యూమినియమే.

రాగి గురించి అడుగుతారు. ఎరుపు దాటాక బంగారంలాగే పనిచేస్తుంది, ఆక్సైడు సమస్య ఎక్కువ. వదిలేయండి. టైటానియం నైట్రైడ్ బంగారంలా ప్రవర్తించే గట్టి పదార్థం, వేడిని బాగా తట్టుకుంటుంది. మన తీరంలోని నల్ల ఇసుకలో ఉన్న ఇల్మనైట్ టైటానియం ఖనిజమే కాబట్టి ఆ పేరు వినగానే మనసు అటు లాగుతుంది. మంచి పొర వేయాలంటే స్పటరింగ్ యంత్రం, నైట్రోజన్ నియంత్రణ కావాలి. పీహెచ్‌డీకి దాచుకోండి.

పరిమాణం, ఆకారం

పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇక్కడ. సిట్రేట్ పద్ధతిలో తేలిగ్గా వచ్చేవి 15 నుంచి 20 నానోమీటర్ల బంగారు గోళాలు. మరుగుతున్న లేత పసుపు ద్రావణంలో సిట్రేట్ పోయగానే రంగు పోతుంది, తర్వాత బూడిద కలిసిన నీలం, చివరికి ద్రాక్షరసపు ఎరుపు. చూడముచ్చటగా ఉంటుంది, 520 నానోమీటర్ల దగ్గర చక్కటి శోషణ శిఖరం వస్తుంది. కానీ అది శోషణ శిఖరం. వెలుగును బయటికి పంపే పనికి ఈ చిన్న గోళాలు అన్నిటికన్నా బలహీనమైనవి. కణం వ్యాసార్ధం రెట్టింపయితే శోషణ ఎనిమిది రెట్లు, పరిక్షేపణం (వెదజల్లడం) అరవై నాలుగు రెట్లు పెరుగుతుంది. 20 నానోమీటర్ల బంగారం దాదాపుగా మింగడమే చేస్తుంది, 80 నుంచి 100 నానోమీటర్లకు వచ్చేసరికి వెదజల్లడం మొదలవుతుంది. అర్ధవాహకం పక్కన చిన్న గోళాలు పెడితే వెలుగు తగ్గిందని వచ్చే ఫలితాల్లో చాలావాటికి కారణం ఇదే, పదార్థం తప్పేమీ లేదు.

సిట్రేట్ తగ్గిస్తే కణం పెరుగుతుంది. 1973లో ఫ్రెన్స్ చూపినట్టు, 50 మిల్లీలీటర్లకు ఒక శాతం సిట్రేట్ ద్రావణం 1 మిల్లీలీటరు పోస్తే దాదాపు 16 నానోమీటర్లు, అర మిల్లీలీటరైతే 41 వరకు వస్తాయి. అంతకన్నా తగ్గిస్తే పరిమాణాలు గతి తప్పుతాయి. కాబట్టి పెద్ద గోళాలకు, ముందు చిన్న విత్తన కణాలు చేసి వాటిపై బంగారం పెంచే పద్ధతి మంచిది. గాజుసామాను కడిగిన తర్వాత చివరి నీళ్లు డీఅయనైజ్డ్ నీళ్లే కావాలి. తీరానికి దగ్గరి బోరు నీళ్లలో లవణాలుంటాయి, ఆ మిగిలిన చుక్కలకే కణాలు గుంపులు కట్టి ఎరుపు నీలానికి తిరుగుతుంది.

ఎరుపు, సమీప పరారుణ వెలుగుల కోసమైతే బంగారు కడ్డీలు బాగుంటాయి. పొడవు వెడల్పుకు నాలుగింతలైతే అనునాదం 800 నానోమీటర్ల దగ్గరకు వస్తుంది. నిష్పత్తి మార్చుకుంటూ మీ పదార్థం రంగుకు తెచ్చుకోవచ్చు. ఉద్గార రంగు అనునాద శిఖరం కన్నా కొద్దిగా పొడవు తరంగాల వైపు ఉంటే ఫలితం మేలు. కడ్డీలను నిలబెట్టే సీటాబ్ అనే పదార్థం కణాల చుట్టూ పట్టుకుని ఉంటుంది, కడిగే పని ఓపికతో చేయాలి.

బీకరు కాక యంత్రం ఉన్నవారికి తేలికైన దారి, పలుచటి వెండి లేదా బంగారు పూత వేసి కాసేపు వేడిచేయడం. పూత తనంత తానే చిన్న చిన్న ద్వీపాలుగా విడిపోతుంది. పరిమాణాలు సమంగా ఉండవు, అనునాదం వెడల్పుగా ఉంటుంది, కానీ ఒకేసారి చాలా నమూనాలు వస్తాయి. అల్యూమినియం మాత్రం ఆక్సైడు వల్ల ఇలా విడిపోదు, దాన్ని పొరగానే వాడాలి.

అద్దంలాంటి బంగారు పొర మీద వెండి ఘనాలను అంటించి మధ్య కొద్ది నానోమీటర్ల ఖాళీలో ఉద్గారకాన్ని ఉంచే అమరిక ఇప్పుడు అందరి నోటా ఉన్నది. 2014లో అక్సెల్‌రాడ్, మికెల్సెన్ తదితరులు ఈ విధంగా ఉద్గార వేగాన్ని వెయ్యి రెట్ల స్థాయికి తీసుకెళ్లారు. ఎలక్ట్రాన్ కిరణాలతో గీసే నిర్మాణాలు అవసరమైతే బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయి ఐఐటీల్లో బయటి విద్యాసంస్థల వారికి తలుపు తెరిచే ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ ఉంది. అధ్యాపకులు దరఖాస్తు చేయవచ్చు. ఒక్క సెమిస్టరు ప్రాజెక్టుకు ఈ రెండు దారులనూ నేను సూచించను.

దూరం

నన్నడిగితే లోహం కన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీనిపైనే. ఉద్గారకం లోహాన్ని తాకితే శక్తి వెలుగును ఇవ్వని ఊపుల్లోకి జారి వేడిగా పోతుంది. ఇదే క్వెంచింగ్. దూరం మరీ ఎక్కువైతే లోహం ప్రభావమే చేరదు. 2006లో ఒక్కొక్క రంజక అణువు దగ్గరికి 80 నానోమీటర్ల బంగారు గోళాన్ని తెచ్చి చూసినప్పుడు, సుమారు 5 నానోమీటర్ల దగ్గర వెలుగు గరిష్ఠమై, ఇంకా దగ్గరైతే పడిపోయింది. పొరల విషయంలో 10 నానోమీటర్లు మంచి ఆరంభం. ఒకామోటో బృందం ఆ మధ్య పొరను 150 నానోమీటర్ల దాకా పెంచుకుంటూ పోతే లాభం క్రమంగా కరిగిపోయింది.

కళాశాలలో ఆ పొర వేసే మార్గాలు మూడు. కణాలకైతే టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్‌తో సిలికా పెంకు. యంత్రం ఉంటే మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత. ఏదీ లేకపోతే ధన, ఋణ ఆవేశాలున్న రెండు పాలిమర్ ద్రావణాల్లో గాజుపలకను మార్చి మార్చి ముంచడం: ఒక్కో మునకకు ఒకటి రెండు నానోమీటర్ల పొర చేరుతుంది, రెండు బీకర్లు, డీఅయనైజ్డ్ నీళ్లు, గడియారం ఉంటే చాలు. ఖర్చు చూసుకునే వారికి మూడోదే నా మొదటి సలహా, ఎందుకంటే మునకల సంఖ్య మార్చి దూరాన్ని మీరే జరపవచ్చు. ఒకే దూరం దగ్గర ఒక్క కొలత తీసుకున్న నివేదిక కన్నా, ఐదారు దూరాల దగ్గర గీసిన వక్రరేఖ ఎన్నో రెట్లు విలువైనది.

పెరిగిందని ఎప్పుడు నమ్మాలి?

కింద లోహపు పొర ఉంటే అది అద్దం కూడా. లోపలికి పంపిన కాంతి వెనక్కి తిరిగి రెండోసారి తాకుతుంది, వెనక్కి పోవాల్సిన వెలుగు ముందుకొస్తుంది. ప్లాస్మాన్ లేకుండానే రెండు, మూడు, నాలుగు రెట్లు కనిపించవచ్చు. అందుకే నాలుగు రెట్ల లోపు పెరుగుదలను తీవ్రతతో మాత్రమే చూపితే నేను ఒప్పుకోను. జీవితకాలం, అంటే ఉత్తేజం ఆపాక వెలుగు ఎంతసేపట్లో ఆరుతుందో, కొలిచే సౌకర్యం ఉంటే కొలవండి. వెలుగు పెరిగి జీవితకాలం తగ్గితే ఉద్గార వేగం పెరిగినట్టు. వెలుగు, జీవితకాలం రెండూ తగ్గితే క్వెంచింగ్. వెలుగు మాత్రమే పెరిగి జీవితకాలం కదలకపోతే ఉత్తేజం పెరగడమో, అద్దం పనో. జింక్ ఆక్సైడ్‌లో ఇంకో మెలిక ఉంది. దానిపై బంగారం వేస్తే 380 నానోమీటర్ల దగ్గరి వెలుగు పెరిగి, లోపాల వల్ల వచ్చే ఆకుపచ్చ వెలుగు తగ్గడం ఎందరో చూశారు. బంగారం అనునాదం 380 దగ్గర లేదు కదా. అందువల్ల దీన్ని ఎక్కువమంది ఎలక్ట్రాన్లు లోహానికీ అర్ధవాహకానికీ మధ్య మారడంతో వివరిస్తారు. దాన్ని ప్లాస్మాన్ అనునాదమని రాయకండి.

ఇక ఏది ఎంచుకోవాలి? మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒంటిపొర, 660 నుంచి 680 నానోమీటర్లు: బంగారు కడ్డీలు, నిస్సందేహంగా. గాలియం ఆర్సెనైడ్, 870 దగ్గర: పొడవైన బంగారు కడ్డీలు, అల్యూమినియం వద్దు. నీలి ఇండియం గాలియం నైట్రైడ్: వెండి, కప్పి ఉంచగలిగితేనే, లేదంటే అల్యూమినియం. జింక్ ఆక్సైడ్, గాలియం నైట్రైడ్ అతినీలలోహితం: అల్యూమినియం.

శూన్య పూత యంత్రం ఉన్న మన రెండు జిల్లాల విద్యార్థికి ఒకే ఒక్క ప్రాజెక్టు చెప్పమంటే, జింక్ ఆక్సైడ్‌నే చెబుతాను. జింక్ అసిటేట్ నుంచి సోల్-జెల్ పద్ధతిలో క్వార్ట్జ్ పలక మీద పొర వేయండి. మామూలు గాజు వద్దు, ఉత్తేజపరిచే అతినీలలోహితాన్ని అదే తాగేస్తుంది. ఆ పలకను నాలుగు ముక్కలు చేయండి. మొదటి ముక్కను ఉన్నదున్నట్టు ఉంచండి. రెండోదానిపై 10 నానోమీటర్ల మెగ్నీషియం ఫ్లోరైడ్, ఆపై 50 నానోమీటర్ల అల్యూమినియం. మూడోదానిపై అదే మధ్య పొర, అల్యూమినియం బదులు బంగారం. నాలుగోదానిపై 150 నానోమీటర్ల మధ్య పొర, ఆపై అల్యూమినియం. నాలుగింటినీ క్వార్ట్జ్ వైపు నుంచే, ఒకే తీవ్రతతో కొలవండి. నాలుగోది చూపే పెరుగుదల ప్రధానంగా అద్దానిది. రెండోది దాన్ని స్పష్టంగా మించి, బంగారం ముక్కలో అంత పెరుగుదల లేకపోతే, మీ అల్యూమినియం ప్లాస్మాన్‌గా పనిచేస్తోందని పరీక్షకుడి ముందు ధైర్యంగా చెప్పవచ్చు.